తడవని చెయ్యి

మా ఎలెయుతేరియో మావయ్య యేసయ్యని నమ్ముకున్నాడని తెలిసిన రోజున చుట్టుపక్కల కోళ్లన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. ఎందుకంటే మావయ్య పందెం పుంజు ఫరో పదిహేడు పందేలు ఆడి పదిహేడూ గెలిచింది. దాని కూత వినబడితే ఎక్కడో రాజధాని శాంతో దొమింగోలో పెట్టలు కూడా గుడ్డు సగంలో ఆపి లేచి నిలబడేవి.

పాస్టర్ నికాసియోగారు సూటిగా చెప్పేశారు.

"బ్రదర్, ఆదివారం ఏట్లో బాప్తిస్మం. ఈలోగా ఆ కోడి సంగతి తేల్చుకో. యేసయ్య వెంట నడిచేవాడు బరి వైపు నడవకూడదు."

తేల్చుకోవడం ఎలా? ఎవరికిచ్చినా బరిలోకి దించుతారు. కోసుకు తిందామా అని అత్తయ్య అన్నందుకు మావయ్య రెండు రోజులు అన్నం మానేశాడు.

"రోజూ పొద్దున్నే దాని తొడలకి రమ్ము రాసి మర్దనా చేశానే!"

"నా కాళ్లకి ఒక్కనాడైనా చేశావా?" అంది అత్తయ్య ఉడికిన అరటికాయలు మెదుపుతూ. "ఇప్పుడు రమ్ము కూడా మానేశావు. ఇక నా కాళ్ల గతి అంతే."

ఆదివారం ఊరంతా ఏటి దగ్గరే ఉంది. గుడి గడప తొక్కని క్రిస్పీన్ కూడా వచ్చాడు. వాడి కోళ్లు ఫరో చేతిలో నాలుగుసార్లు ఓడాయి. ఆ నాలుగో పందెం దగ్గర్నుంచి, మూడేళ్లుగా వాడికీ మావయ్యకీ మాటల్లేవు. గాడిదని తోమడానికి వచ్చానన్నాడు. గాడిదని మాత్రం తీసుకురాలేదు.

మావయ్య తెల్లంగీ వేసుకుని, చంకలో ఫరోతో ఏట్లోకి దిగాడు.

"దాన్నెవరికైనా ఇచ్చి రా," అన్నారు పాస్టరుగారు.

"ఎవరికివ్వనండీ? ఇక్కడున్న మగాళ్లలో సగంమంది దీనిమీద కన్నేసినవాళ్లే."

సంఘపెద్దలు ఒక్కసారిగా తలెత్తి మబ్బులు చూశారు.

"మరి తేల్చుకోమన్నానుగా?"

"నావల్ల కాలేదండీ. ముందు నన్ను ముంచండి. తర్వాత ఆ దేవుడే దారి చూపిస్తాడు."

అప్పటికే పదిమందిని ముంచిన పాస్టరుగారికి చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. సరే రమ్మన్నారు.

మావయ్య మునిగాడు. కుడిచెయ్యి మాత్రం నీళ్లపైన జెండా కర్రలా నిలబడింది. దానిమీద ఫరో, ఈక కూడా తడవకుండా, సంఘాన్ని తనిఖీ చేస్తున్నట్టు చూస్తోంది. అందరూ పాట ఎత్తుకున్నారు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పుట్టి ఇరవయ్యేళ్లయినా ఆ పని ఇంకా అలవాటు కాలేదు.

"పాస్టరుగారూ! మావయ్య చెయ్యి తడవలేదు!"

పాట ఆగిపోయింది. మావయ్య దగ్గుతూ పైకి లేచాడు.

"నీ నోరు పడిపోనూ, యుదెర్కా!"

"అబద్ధమా మావయ్యా? భుజం దాకా క్రైస్తవుడివి. అక్కణ్ణుంచి పందెగాడివే."

ఏరంతా నవ్వింది. మావయ్య నవ్వలేదు. ఆ చెయ్యి వైపే చూసుకున్నాడు.

"పిల్ల నిజమే చెప్పింది, పాస్టరుగారూ," అన్నాడు మెల్లగా. "దీన్ని బరిలోకి వదిలింది ఈ చేత్తోనే."

ఒడ్డెక్కి తిన్నగా క్రిస్పీన్ దగ్గరికి వెళ్లాడు.

"పట్టుకో."

"నేనా?"

"నువ్వే. దీన్నెలా పట్టుకోవాలో నాకు తెలిసినంతా నీకూ తెలుసు."

రెండోసారి పాస్టరుగారు మావయ్యని రెండు చేతులతో నొక్కిపట్టారు. లోపలున్నంతసేపట్లో పైన కీర్తన పూర్తయింది, వచ్చే వారం ప్రకటనలు కూడా చదివేశారు. ఈలోగా క్రిస్పీన్ పక్క జిల్లా చేరిపోయి ఉంటాడనుకున్నాను. వెళ్లలేదు. ఫరో వాడి ఆదివారం చొక్కామీద రెట్ట వేసింది. దాన్ని తుడుచుకోకుండా అక్కడే నిలబడ్డాడు.

"రంపం ఉందా?" అన్నాడు మావయ్య నీళ్లోడుతూ ఒడ్డుకొచ్చి.

పందెగాళ్ల జేబులో దువ్వెన లేకపోయినా కోడి కాళ్ల ముళ్లు సవరించే చిన్న రంపం ఉంటుంది. క్రిస్పీన్ తీసిచ్చాడు.

"ఎందుకు?"

"కాళ్ల ముళ్లు మొదలంటా కోసేస్తా. పైన ఇంకో ముల్లు కట్టడానికి మోడు కూడా మిగలకూడదు. అప్పుడిది ఎవరి బరికీ పనికిరాదు."

"పిచ్చోడా! ఈ దీవిలో ఇలాంటి పుంజు మళ్లీ పుట్టదురా!"

"తెలుసు. గట్టిగా పట్టుకో. నువ్వు వణికితే దానికి నొప్పి."

ఆ పని ఒక్కడివల్ల కాదు. ఒకడు పట్టుకోవాలి, ఒకడు కోయాలి. క్రిస్పీన్ పట్టుకున్నాడు. మావయ్య కళ్లు తుడుచుకుంటూ కోశాడు. ఒడ్డున కాఫీ కాస్తున్న పొయ్యిలోంచి బూడిద తెచ్చి, నెత్తురు ఆగడానికి నేనే అద్దాను. తర్వాత ఇద్దరూ బండమీద కూర్చుని నాలుగో పందెం గురించి వాదించుకున్నారు. మూడేళ్ల మాటలు కదా, మధ్యాహ్నం దాటింది.

ఇప్పుడు ఫరో అత్తయ్య పెరట్లో ఉంటోంది. మొదటి రోజే ఓ కుంటి పెట్ట దాన్ని గింజల దగ్గర్నుంచి తరిమేసింది. మావయ్య పొద్దున్నే అత్తయ్య కాళ్లకి కొబ్బరినూనె రాస్తున్నాడు. క్రిస్పీన్ ప్రతి ఆదివారం ఆరాధన వేళకి వచ్చి, గుడి కిటికీ బయట నిలబడి, అయిపోయాక ఫరోని చూసి వెళ్తాడు.

గాడిదని తోమడానికే వస్తున్నానంటాడు.