ఎర్రకారు శీతనిద్ర

ఆ దినమున ఆ యింటనున్నవారు ముగ్గురు: పొయ్యి కడ కూర్చుండి వసకొమ్ములు దంచుచున్న మామ్మ చిన్నమ్మడు, చావడిలో కారు బ్యాటరీని గోనెపట్టాలో చుట్టుచున్న ఆమె కుమారుడు తాతారావు, ఎవ్వరి కంటను పడకుండ గుమ్మమునానుకొని నిలుచుండిన ఆతని కూతురు, పదవతరగతి చదువుచున్న హైమవతి. తల్లి తెల్లవాఱకమునుపే కాఫీపండ్లు కోయుటకు తోటకేగియుండెను. ఏటేట ఈ దినమున తప్పక వచ్చు కారుమేస్త్రి గవరయ్య మాత్రము రాలేదు.

మార్గశిరమాసారంభము. లంబసింగి కొండలపై రేయెల్ల కురిసిన మంచు గడ్డిపోచల కొనలయందు పేలాలవలె గట్టిపడియుండ లోయనిండ పాలపొంగువలె నిలిచిన పొగమంచును భేదింపజాలని బాలభానుకిరణములు సిల్వరు ఓకు చెట్ల చివరలయందే చిక్కువడి వ్రేలాడుచుండ అట్టి ధవళప్రపంచమధ్యమున పెరటిలో ఒక్క ఎర్రకారు నిండుముత్తైదువ నుదుటి కుంకుమబొట్టువలె వెలుగుచుండెను.

తాతారావు పడుచుతనమున సగము శిథిలమైయున్న దానిని కొని తెచ్చి గవరయ్యతో గూడి మూడేండ్లు శ్రమించి ప్రతి మరకును ప్రాణము పోసెను. ఫాల్గుణమాసమున జరుగు ఘాటురోడ్డు పందెములలో వాయువేగ యని పేరిడిన ఆ కారు ఏడుమారులు విజయము దెచ్చినది. కాఫీకోతలు మొదలగు ఈ మంచుకాలమున దానిని నడుపు తీరికయు నుండదు. ఇనుమునకు తేమ శత్రువు. కావున మూడుమాసములు దానిని రేకులకొట్టమున నిదురబుచ్చుట ఆ యింటి యాచారము. ట్యాంకు అంచువరకు పెట్రోలు నింపుట, బ్యాటరీని వేరుచేసి పొయ్యి వెచ్చదనమున నుంచుట, ఎలుకలు తీగలు కొఱుకకుండ వసపొడి చల్లుట, చక్రములకు కొయ్యముక్కలు అడ్డుపెట్టుట ఇందలి విధులు. అన్నిటికంటె ముఖ్యమైన నియమము వేఱొకటి కలదు. చేతిబ్రేకు లాగరాదు. లాగి యుంచినచో మంచుతేమకు బ్రేకుపట్టలు చక్రపు డ్రమ్ములను కఱచుకొని విడువవు.

గత ఫాల్గుణమున కారు కదలలేదు. చేతిబ్రేకు లాగియుండెను. బలవంతముగ కదల్పగా పట్టలు చినిగి డ్రమ్ములు చెడి ఆ యేటి పందెము తప్పిపోయెను. కారును కొట్టమున నిలిపినవాడు గవరయ్య. “మర్సిపోనానేమో బావూ” అని యాతడు తల వంచుకొనెను. ఇరువదియేండ్ల చెలిమి ఆ ఒక్కమాటతో తెగిపోయెను.

బ్రేకు లాగినది గవరయ్య కాడు, హైమవతి. పుష్యమాసమున నొక సాయంకాలము దొంగచాటుగ కొట్టము జొచ్చి కారులో కూర్చుండి, నేల యేటవాలుగ నుండుటచే అది లోయలోనికి దొర్లిపోవునేమోయని బెదరి, దానిపైగల మక్కువతో రెండుచేతులతో బ్రేకును గట్టిగ లాగెను. గవరయ్య తల వంచుకొనిన నాటినుండి తొమ్మిదినెలలైనను ఆ సంగతి ఆమె డైరీకి తప్ప మఱి యెవ్వరికిని తెలియదు.

బ్యాటరీ తీసిన కారును చేతులతో నెట్టియే లోనికి జేర్పవలెను. అప్పుడొకరు లోపల కూర్చుండి స్టీరింగు పట్టవలెను. ఆ స్థానము ఎల్లప్పుడు గవరయ్యది.

“ఈయేడు ఎవుల్ని కూకోబెడతావురా?” అని మామ్మ యడిగెను. “నన్నెక్కమనకు. నా మోకాళ్ళు ఉన్నాయో లేవో నాకే తెల్దు.”

“ఇది ఉంది కదా. హైమా, ఇలా రా అమ్మా. కూకో.”

హైమవతి తండ్రి వెంట పెరటిలోనికి వచ్చి కారుతలుపుపై చేయి యుంచి యటులే నిలిచిపోయెను.

“నాను కూకోను నాన్నా.”

“ఏటి?”

“కిందటేడు సేతిబ్రేకు లాగింది గవరయ్య మావ కాదు. నాను. కారు లోయలోకి జారిపోద్దేమో అని బయమేసింది.”

లోపల మామ్మ రోకలిచప్పుడు ఆగెను. తాతారావు చేతనున్న గోనెతాడు నేలజాఱెను. ఆతడు కూతురి వంక గాక కారు వంక చూచెను.

“మరి ఆడెందుకు ఒప్పుకున్నాడేటి?” అని తనలోన తాననుకొనినట్లు పలికి చేతులు తుడుచుకొనెను. “పద. ఆడికి సెప్పు ఈ మాట.”

తోటజీపులో నిరువురును దిగువమలుపుననున్న గవరయ్య యింటి వఱకు పోయిరి. అరుగుమీద రాజ్మాకాయలు ఒలుచుచున్న గవరయ్య ఎదుట హైమవతి నిలిచి ఆ మాటనే మఱల జెప్పెను. ఆ వృద్ధుడు లోనికేగి ఒక పెన్సిలుముక్క తెచ్చి యామె యఱచేత బెట్టెను.

“కారు కదల్లేని ఆ రోజే సీటు కింద దొరికింది. ఈ కొండమీద పెన్సిలు కొన ఇలా కొరికీది ఒక్కర్తే.”

“తెలిసీ మీదేసుకున్నావా?” అనెను తాతారావు.

“నీ కోపం నా మీదుంటే ఏడాదికి దిగిపోద్ది బావూ. పిల్లమీద ఒక్కపూటున్నా, దానికి జన్మంతా గుర్తుండిపోద్ది.”

తాతారావు మోము ప్రక్కకు ద్రిప్పుకొనెను. “ఏడాదికింకా మూడునెల్లుంది. ముందే దిగిపోయింది, ఏటి సేస్తాం. బండెక్కు” అనెను.

వారు ముగ్గురును మరలివచ్చునప్పటికి మంచు పలుచబడి ఎర్రకారు వీపున సూర్యకాంతి పొరలు విప్పుచుండెను. మామ్మ దానికి పసుపుబొట్టు పెట్టి వసపొడి చల్లెను. అలవాటుచొప్పున గవరయ్య తలుపుపై చేయివేసి, అంతలో నిలిచి, వెనుకకు నడచెను.

“నా సోటు ఇంక ఎనకాలే. ముసిలోళ్ళు తొయ్యాల, సిన్నోళ్ళు తిప్పాల.”

“ముసిలిదాన్ని నానూ ఉన్నాను, నన్ను మాత్రం తొయ్యమనకండి” అని మామ్మ నవ్వెను.

హైమవతి కూర్చుండెను. గట్టిగ బట్టుకొనుట యెల్ల కాపాడుట కాదని తొమ్మిదినెలలు నేర్చిన యా చేతులు స్టీరింగుపై తేలికగ నిలిచెను. తాతారావు వంగి ఆమె యెడమచేతిని దీసి దిగియున్న చేతిబ్రేకుపై నొకమా రుంచెను.

“ఇది ఇలా కిందుంటేనే దీనికి నిద్దర. జారిపోకుండా ఎనక మేం ఉన్నాం.”

అని పలికి, బయటికి వ్రేలాడుచున్న ఆమె పావడ అంచు చిక్కుపడకుండ లోనికి సర్ది, తలుపు మెల్లగ మూసెను.