విసరకుండా మిగిలిన అల్లుడు

డెబ్భై ఒకటో ఏడు వచ్చినా కొమదాని ఊళ్ళో కిహాచిని అందరూ “అల్లుడుగారూ” అనే పిలిచేవారు. అది మర్యాద అనుకునేరు. ఎత్తిపొడుపు. తన కళ్ళముందు పుట్టి, తన ఒళ్ళో ఉచ్చపోసిన షుంజి కూడా, ఇప్పుడు నలభై రెండేళ్ళ మగాడై, బట్టతల నిమురుకుంటూ “ఏం అల్లుడుగారూ, తలుపు ఎప్పుడు చేసిస్తారు?” అనేవాడు.

ఆ ఊరి మంచు సంగతి చెబితే అబద్ధమంటారు. ఒక ఏడు తపాలా మనిషి ఉత్తరాలు పొగగూట్లోంచి జారవిడిచి, సంతకాలకి తాడు కట్టిన బుట్ట దింపేవాడట. ఇంకో ఏడు ఒక ముసలామె తన ఇల్లనుకుని పక్కింటి కప్పు మీద మంచంతా పొద్దుటినుంచి సాయంత్రం దాకా తోసిపోసి, వాళ్ళు ఒక్క మంచిమాటైనా అనలేదని రెండేళ్ళు అలిగి కూర్చుందట. చూసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు కాబట్టి కాదనే వీల్లేదు.

అంత మంచులో బతికేవాళ్ళకి పనికిమాలిన ఆచారాలు పుట్టడం సహజం. పొలం లేదు, పుట్ర లేదు, నాలుగు నెలలు కుంపటి బల్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. అలా కూర్చున్న మహానుభావుడెవడో కనిపెట్టిందే అల్లుడి విసురు. పైఊరివాడు కొమదాని పిల్లని చేసుకుంటే, ఆ మొదటి చలికాలంలోనే, కొత్తేడు వచ్చిన పదిహేనో రోజున చేసే చిన్న సంవత్సరాది నాడు ఊరి మగాళ్ళు నలుగురు అతన్ని భుజాలకెత్తుకుని కొండమీది గుడికి మోసుకుపోతారు. గుడి ముందు మూడు నిలువుల మంచు గట్టు ఉంటుంది. ముమ్మారు ఊపి అక్కణ్ణించి కిందికి విసిరేస్తారు. కింద పెళ్ళాం నిలబడి ఉంటుంది. పరుగెత్తుకెళ్ళి మొగుణ్ణి మంచులోంచి పీకి, దులిపి, ఇంటికి తీసుకుపోతుంది. అంతటితో పెళ్ళి గట్టిపడినట్టూ, వాడు ఊరివాడైనట్టూ లెక్క. మంచిపిల్లని ఎగరేసుకుపోయిన పైవాడి మీద కసి తీర్చుకోవడానికి పెట్టుకున్న తతంగమని ఎవరికి తెలియదు? కానీ ఆ మాట పైకి అనకూడదు. దేవుడి పని అనాలి.

కిహాచి సముద్రపొడ్డున చేపలు ఎండబెట్టేవాళ్ళ పిల్లవాడు. జారుడు తలుపుల వడ్రంగం నేర్చుకుని, సోయాపాల జున్ను, టోఫు చేసేవాళ్ళమ్మాయి సావాని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. వచ్చిన మొదటి చలికాలం విసురు కోసం గడ్డిమేటు మీంచి పదిరోజులు దూకి దూకి అలవాటు చేసుకున్నాడు కూడా. తీరా ఆరు రోజులుందనగా సావా తాత పోయాడు. తొంభై నాలుగేళ్ళు ఆగినవాడు ఇంకో వారం ఆగలేకపోయాడు. చావు మైల ఉన్న ఇల్లు పండగ ముట్టుకోకూడదు. మరుసటి ఏడు వెళ్ళి అడిగితే, మొదటి చలికాలం దాటిపోయింది, ఇప్పుడు విసిరితే దేవుడు ఒప్పుకోడన్నారు.

అంతే. నలభై మూడేళ్ళు.

ఆరేళ్ళు పిల్లలు పుట్టకపోతే, విసరలేదుగా మరి అన్నారు. ఏడో ఏట ఆడపిల్ల పుడితే, విసిరి ఉంటే మగపిల్లాడు పుట్టేవాడన్నారు. కప్పు మీంచి జారిపడి కాలు విరిగితే, సరైన రోజున పడనివాడు ఇలాగే పడరాని రోజున పడతాడన్నారు. అవన్నీ కిహాచి బియ్యపు సారా సాకెతో కలిపి మింగేశాడు. మింగుడుపడనిది ఒక్కటే, లోగది.

పండగ అయ్యాక ఊరి చావడి లోగదిలో ఊళ్ళో పుట్టిన మగాళ్ళూ, విసరబడిన అల్లుళ్ళూ నిప్పుగూడు చుట్టూ కూర్చుంటారు. తలుపు మూస్తారు. అక్కడి మాట బయటికి రాదు. విసరనివాడికి ఆ గదిలో చోటు లేదు. కిహాచి వసారాలో ఆడవాళ్ళతో పాటు ముల్లంగి ఊరగాయ కోసుకుంటూ కూర్చోవాలి. ఇందులో అన్యాయం ఏమిటంటే, ఆ తలుపు చేసింది కిహాచే. దేవదారు చట్రం, వేలితో తోస్తే నీళ్ళమీద పడవలా జారే తలుపు. గది ఖాళీగా ఉన్నప్పుడు పిలిచి చేయించుకున్నారు. బిగించడం అయ్యాక టొమెజో లోపల నిలబడి, బాగుందోయ్ అల్లుడా అని, కిహాచి ముక్కుమీదే దాన్ని మూసి చూశాడు.

టొమెజో అంటే సావా పెదనాన్న కొడుకు, కిహాచికి బావ. ఎనభై నిండబోతున్నాడు. పండగ పెత్తనం అతనిదే. లోపలేం మాట్లాడుకుంటారు బావా అని ఎప్పుడడిగినా, ముక్కుపొడుం డబ్బీ మూత మూసినట్టు పెదాలు బిగించి, అది బయట చెప్పేది కాదు అనేవాడు. దాంతో కిహాచి మనసులో ఆ గది పెరిగి పెరిగి రాజదర్బారైంది. ఏ కొండచరియ ఎప్పుడు విరుగుతుందో, ఏ ఇంటి హద్దు ఎవరు జరిపారో, ఊరికి నీళ్ళెలా వచ్చాయో, తాతలనాటి రహస్యాలన్నీ అక్కడే పంచుకుంటారని అతని నమ్మకం. తనని తప్ప అందరినీ దేవుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడని ఉడుకు.

ఇప్పుడు అసలు సంగతి. కిహాచి కూతురితో సహా పిల్లలంతా పట్నాలకి పోగా, కొమదానిలో మిగిలింది ముప్పై ఒక్కరు. అందులో అందరికంటే చిన్న ఆడపిల్ల వయసు యాభై ఎనిమిది. ఇక అల్లుళ్ళెక్కణ్ణించి వస్తారు? అయినా పండగ ఆపితే పరువు పోతుందని, ఆరేడేళ్ళుగా అల్లుళ్ళని అరువు తెచ్చుకుంటున్నారు. పట్నంలో కొత్తగా పెళ్ళైన ఏ జంట అయినా సరదాకి వస్తామని రాస్తే చాలు, విసిరేస్తారు. ఆ కుర్రాడికి ఊరి పేరు కూడా నోరు తిరగదు. అయినా వాణ్ణి లోగదిలో కూర్చోబెట్టి సాకె పోస్తారు. బయట వసారాలో ముల్లంగి తరుగుతున్న కిహాచికి ఆ నవ్వులు వినబడతాయి. దేవుడు మరి దానికెలా ఒప్పుకున్నాడో ఎవరూ చెప్పలేదు.

ఈ ఏడు అరువల్లుడు ముందురోజే దిగాడు. సన్న కళ్ళద్దాల ఆఫీసు మనిషి. గట్టు చూశాడు. మూడు ప్రశ్నలడిగాడు: ఎత్తెంత, ఇంతవరకూ ఎందరికి ఎముకలు విరిగాయి, విరిగితే ఎవరిది పూచీ. మొదటిదానికి షుంజి సరిగ్గానే చెప్పాడు. రెండోదానికి టొమెజో గర్వంగా వేళ్ళు మడవడం మొదలుపెట్టి రెండో చేతికి కూడా వెళ్ళాడు. మూడోదానికి జవాబు దొరికేలోపు అతను స్నానాల గదికి వెళ్ళొస్తానని వెళ్ళాడు. పండగనాడు పొద్దున్నే మొదటి బస్సులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారని తెలిసింది.

మధ్యాహ్నానికి టీవీవాళ్ళు, మూడు బస్సుల జనం వస్తున్నారు. విసరడానికి అల్లుడు లేడు.

టొమెజో, షుంజి సాకె సీసా చంకనపెట్టుకుని కిహాచి గుమ్మం ముందు గడ్డిబూట్లు దులుపుకున్నారు. కిహాచి తలుపు చట్రానికి కాగితం అంటిస్తున్నాడు. తల ఎత్తలేదు. సావా టీ పోసి పక్కన కూర్చుంది.

ముందు చలి గురించి మాట్లాడారు. తర్వాత మోకాళ్ళ గురించి, వాటికి ఎర్రపెట్టె నొప్పిపట్టీ మంచిదా పచ్చపెట్టెదా అని. టొమెజో రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“చూడు అల్లుడా,” అన్నాడు చివరికి, “పెద్దలం కూర్చుని ఆలోచించాం. మైల ఏడు లెక్కలోకి రాదు. కాబట్టి నీ మొదటి చలికాలం ఇంకా అయిపోలేదన్నమాట.”

కిహాచి జిగురు కుంచె పక్కన పెట్టాడు. “ఎప్పుడు కూర్చున్నారు బావా పెద్దలు?”

“పొద్దున.”

“బస్సు పోయాకా?”

టొమెజో టీ తాగాడు.

“మైల ఏడు లెక్కలోకి రాదు సరే. తర్వాతి నలభై రెండేళ్ళూ ఎవరి మైల?” అన్నాడు కిహాచి.

షుంజి మధ్యలో దూరి, ఊరి పరువు, జిల్లా కార్యాలయం, టీవీ అని ఏదేదో అన్నాడు. కిహాచి అతన్ని తేరిపార చూశాడు. “నీ ఉచ్చగుడ్డ మార్చిన చేతులురా ఇవి. పరువు గురించి వేరే ఎవరికైనా చెప్పు,” అన్నాడు.

సావా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. ఆమెకి మొగుడి సంగతి తెలుసు. నోరు అలా అంటోంది గానీ, అప్పటికే కాలివేళ్ళు బల్ల కింద గడ్డిమేటు మీంచి దూకుతున్నాయి. “ఏమండీ, వద్దనండి. నలభై మూడేళ్ళు చవటలా చూసినవాళ్ళకి ఇవాళ బస్తాలా దొరుకుతారా?” అంది. అతను వినలేదు.

“లోగది?” అన్నాడు టొమెజోతో.

“విసిరాక నీది కాదనే మగాడెవడు?”

ఆ మాటకి కిహాచి లేచాడు. లేచిన తీరు చూసి సావా పెట్టెలోంచి తన నాన్న పెళ్ళిబట్టలు తీసింది. కర్పూరం వాసన గదంతా కొట్టింది.

మోసిన నలుగురి వయసులు కలిపితే రెండువందల తొంభై. కొండ ఎక్కడానికి ఐదుసార్లు దించారు. మూడోసారి దించినప్పుడు, కావాలంటే నేనే నడుస్తానని కిహాచి అన్నాడు. టొమెజో కోప్పడ్డాడు. అల్లుడు నడవకూడదు, ఆచారం. మోసేవాడి గుండె ఆగితే ఆచారం ఏమంటుందో అడగబోయి, విసిరేవాడితో గొడవ దేనికని కిహాచి ఊరుకున్నాడు.

గట్టు మీద కాళ్ళూ చేతులూ తలొకటీ పట్టుకుని ఒకటి, రెండు అని ఊపారు. మూడో ఊపుకి వెనకనున్న షుంజి కాలు జారింది. ఆ జారుడే కలిసొచ్చింది. ఏళ్ళ తరబడి ఏ కుర్రాణ్ణీ విసరనంత ఎత్తుకి కిహాచి లేచాడు. టీవీవాడి యంత్రంలోంచి మాయమైపోయి, కాసేపటికి ఇంకోవైపునుంచి వచ్చాడంటారు. పైనున్నప్పుడు తన ఊరి సముద్రం, పడవలు, ఎండబెట్టిన చేపలు, వాటిమీద కాకి కూడా కనబడిందని అతనే తర్వాత చెప్పాడు. ఎనిమిది ఆమడల దూరం, మధ్యలో రెండు కొండలు. కాకి మాట ఏమోగానీ, విసిరిన నలుగురూ అతని వెంటే దొర్లుకుంటూ వచ్చిన మాట మాత్రం మూడు బస్సుల జనం చూశారు.

కిహాచి తలకిందులుగా దిగబడ్డాడు. కాళ్ళు రెండూ పాతేసిన ముల్లంగుల్లా పైకి ఉన్నాయి. పెళ్ళాం పరుగెత్తుకు రావాలి. సావా నడిచి వచ్చింది. ఇన్నాళ్ళు ఆగింది, ఇప్పుడేం తొందర? బూట్లు పట్టుకుని పీకింది.

“ఉన్నారా?”

“ఉన్నా.”

“అయితే లేవండి. అందరూ చూస్తున్నారు.”

జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పండగకి వేసిన గడ్డిమంట బూడిద మంచులో కలిపి ఒకరి మొహానికొకరు పూసుకున్నారు. టొమెజో తన చేత్తో కిహాచి చెంపలకి రెండుపక్కలా పూసి, నేటినుంచి ఇతను మావాడు అని అరిచాడు. కిహాచికి కళ్ళు చెమ్మగిల్లాయి. బూడిద పడిందన్నాడు.

పొద్దు వాలకముందే చావడి లోగదిలో నిప్పు రాజేశారు. కిహాచి తను చేసిన తలుపుని మొదటిసారి లోపలినుంచి మూశాడు. నిప్పుగూడు పక్కన మెత్త చూపించారు. కూర్చున్నాడు. నడుం విరుగుతోంది, అయినా నిటారుగానే కూర్చున్నాడు. తొమ్మిదిమంది. సాకె పోశారు. ఇక మొదలవుతుందని చెవులు రిక్కించాడు.

టొమెజో కాలు చాపి, ఎడమ మోకాలికి పట్టీ వేస్తే మంట, కుడిదానికి వేస్తే దురద అన్నాడు. పక్కాయన ఎర్రపెట్టెలో వచ్చే పట్టీయే మంచిదన్నాడు. కాదు పచ్చపెట్టె అని మూడో ఆయన. దానిమీద అరగంట నడిచింది. తర్వాత కట్టుడుపళ్ళు. మోచి అనే జిగురుబియ్యపు ముద్ద తింటే ఎవరి పళ్ళు ఊడి ముద్దతో పోయాయో చెప్పుకుని నవ్వారు. కిహాచి ఏళ్ళుగా గోడవతల కూర్చుని విన్న నవ్వు అదే. తర్వాత మలబద్ధకం. దానికి ఎండుపళ్ళు నానబెట్టిన నీళ్ళే మందని షుంజి అంటే, అందరూ గౌరవంగా తలలూపారు.

కిహాచి ఓపిగ్గా ఆగాడు. సాకె మూడోసారి పోశాక ఆగలేక, బావా, అసలు మాటలు ఎప్పుడు అని మెల్లిగా అడిగాడు.

“ఏ అసలు మాటలు?” అన్నాడు టొమెజో.

“అదే. బయట చెప్పనివి.”

టొమెజో అతనివైపు జాలిగా చూశాడు. “పళ్ళు ఊడిన సంగతి ఆడవాళ్ళ ముందు ఎలా చెప్తాంరా?” అన్నాడు. కాసేపటికి గోడకి జారగిలబడి గురకపెట్టాడు.

కిహాచి కప్పు బోర్లించి లేచాడు. ఎవరూ ఉండమనలేదు. ఊరివాడికి మర్యాదలేమిటి?

ఇంట్లో సావా కుంపటి బల్ల బొంత కింద కాళ్ళు పెట్టుకుని ఎండు బఠాణీకాయలు ఒలుస్తోంది. మొగుడు కూర్చోవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి కూర్చోవడం చూసింది.

“అయితే చెప్పండి. ఏం మాట్లాడుకున్నారు లోపల?”

కిహాచి నోరు తెరిచాడు. చెబుదామనే తెరిచాడు. నలభై మూడేళ్ళూ ఆ నోట్లోంచి తొంగిచూశాయి. మూసేశాడు. ముక్కుపొడుం డబ్బీ మూసినట్టు పెదాలు బిగించి, “అది బయట చెప్పేది కాదే,” అన్నాడు.

సావా బఠాణీలు పక్కన పెట్టింది.

“మా నాన్న కూడా అమ్మతో అచ్చం ఇలాగే అనేవాడు. పాపం అమ్మ చచ్చేదాకా నమ్మినట్టే ఉంది. నాకంత ఓపిక లేదు గానీ, అటు తిరగండి. ఎర్రపెట్టెదా పచ్చపెట్టెదా, ఏ పట్టీ వెయ్యమన్నారు నడుముకి?”

కిహాచి అటు తిరిగాడు. గోడవైపు చూస్తూ, “ఎర్రది,” అన్నాడు.