సన్యాసయ్య దోసిలి

నేను ఒక ఇత్తడి చెంబుని. శ్రీకాకుళం దగ్గర బుడితిలో పుట్టాను. కంచరి సుత్తి దెబ్బలు ఇంకా నా నడుము చుట్టూ ఉన్నాయి. పైడమ్మ పెళ్లికి కొన్నారు. ఆమెతోపాటు రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చాను.

ఆమె మొగుడు సన్యాసయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం ఇంటికి రాగానే నూనె చేతులు కడుక్కుని, గుమ్మంలో వంగి దోసిలి పట్టేవాడు. పైడమ్మ నన్నెత్తి ధారగా పోసేది. గ్లాసు అతని పెదవికి ఎన్నడూ తగల్లేదు. ఎంగిలంటే అంత పట్టింపు.

"వంగు మావా. నీ నడుం కూడా కంపినీవోళ్లే ఉంచేసుకున్నారేటి?" అనేది. సగం నీళ్లు అతని నవ్వుకే ఒలికిపోయేవి.

ఆమె పోయింది. పిల్లలు లేరు. అతని చేతులు వణకడం మొదలయ్యాక, ఇరుగుపొరుగు అతన్ని వృద్ధాశ్రమంలో చేర్చి వెళ్లిపోయారు. వెంట వెళ్లింది నేనొక్కదాన్నే. మేనేజరు ముచ్చటపడి నన్ను తన బల్లమీద పెట్టుకుని ప్లాస్టిక్ పువ్వులు గుచ్చాడు.

అక్కడ తెలుగు ఎవరికీ రాదు. బతుకుతెరువుకి నేర్చిన హిందీ సన్యాసయ్యను ముసలితనంలో వదిలేసింది. ఆయా ఫూల్మణి సంతాలీ గిరిజన పిల్ల. కొమ్మున్న ప్లాస్టిక్ కప్పు అతని పెదవికి ఆనించేది. అందరికీ అదే కప్పు.

"ఎంగిలి కప్పు నాకొద్దే అమ్మా."

"పానీ, దాదూ."

అతను మొహం తిప్పుకునేవాడు. మొండివాడని కాగితంలో రాసుకున్నారు. రెండో రోజు డాక్టరు చెప్పాడు, సాయంత్రానికి తాగకపోతే ముక్కులో గొట్టం వెయ్యమని.

ఆ గొట్టం తీసుకోవడానికి ఫూల్మణి ఆఫీసులోకి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. వాళ్ల ఊళ్లో గడప తొక్కిన మనిషి ముందు మొదట నీళ్లచెంబు పెట్టి దండం పెడతారు. పువ్వులు చెత్తబుట్టలో పడేసింది. మేనేజరు ఏదో అన్నాడు. వినలేదు. నన్ను చింతపండుతో తోమి, నీళ్లు నింపి, సన్యాసయ్య ముందు పెట్టి వంగింది.

అతను నన్ను గుర్తుపట్టాడు. ఎత్తబోయాడు. చేతులు నిలవలేదు. ఆ వణికే చేతుల్నే దోసిలిగా చేర్చి నోటికి ఆనించాడు. ఆమె ఒక్క క్షణం చూసి, నన్ను ఎత్తింది.

చెంబెడూ తాగాడు. చొక్కా తడిసిపోయింది.

"పైడమ్మ సన్నంగా పోసీది. నువ్వు ముంచేత్తన్నావు."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ నింపుకొచ్చింది.

సన్యాసయ్య పోయి రెండేళ్లు. నేనిప్పుడు కిటికీలో ఉంటున్నాను. వచ్చినవాళ్లకు మేనేజరు నన్ను చూపించి, మా పద్ధతి ఇది అంటాడు. ఆ రెండు రోజుల దాహానికి అతన్ని నేను క్షమించలేదు.

దోసిలి పట్టినవాళ్లకు ఫూల్మణి నాతోనే పోస్తుంది. ఆమె చేతిలో ధార ఇప్పుడు సన్నబడింది. పైడమ్మ ధారంత కాదు.