అసిరి కుడిచెయ్యి

నేను ఒక పల్స్ లేజర్ యంత్రాన్ని. వెలుగును ధారగా కాక దెబ్బలుగా విడుస్తాను. ఒక్కో దెబ్బ రెప్పపాటులో కోటో వంతు కూడా ఉండదు. దానికి చర్మం కింది పచ్చబొట్టు సిరా పొడి అవుతుంది. ఆ పొడిని ఒళ్లే మెల్లగా మోసుకుపోతుంది. అందుకు వారాలు పడుతుంది. నేను తొందరపెట్టలేను. నన్ను కొన్నవాళ్లూ తొందరపెట్టలేరు.

మొదట నన్ను కొన్నది విశాఖపట్నంలో ఒక చర్మవైద్యురాలు. ఇక్కడివాళ్ల ఒంటి రంగుకు తగ్గట్టు శక్తి తగ్గించి, రెండు సిట్టింగుల మధ్య రెండు నెలలు ఆగేవారు. పేషెంట్లు విసుక్కున్నా ఆగేవారు. కొత్త రకం యంత్రం రాగానే నన్ను అమ్మేశారు.

నన్ను విజయనగరంలో కామేశ్వరరావుకు అంటగట్టిన ఏజెంటు ఒక గ్రాఫు చూపించాడు. లేజర్ మార్కెట్ ఏటేటా పైకి పోతోందన్నాడు. ఫోర్సుల్లో చేరే పిల్లలున్న జిల్లాలో దీనికి తిరుగులేదన్నాడు. ఆ గ్రాఫులో గీత ఉంది, చర్మం లేదు. కామేశ్వరరావు డాక్టరు కాడు. అంతకుముందు సెల్‌ఫోన్ల షాపు నడిపాడు.

అసిరి వాళ్లమ్మ లచ్చుమమ్మతో వచ్చింది. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష, పరుగు నెగ్గింది. మిగిలింది మెడికల్. కుడి ముంజేతి మీద తన పేరే పచ్చబొట్టుగా ఉంది. సెల్యూట్ కొట్టే చేతి మీద అది ఉండకూడదు.

"తీర్తంలో తప్పిపోతాదని సిన్నప్పుడు పొడిపించినాను బాబూ," అంది లచ్చుమమ్మ. "ఎడం సెయ్యి మంచిది కాదని కుడిసేతికేయించినాను."

"అంతా నీ పున్నెమేనమ్మా," అంది అసిరి. "ఎడం సేతికేయించుంటే ఈపాటికి తుపాకీ అట్టుకుందును."

"ఒక్క సిట్టింగ్‌లో పోద్దమ్మా," అన్నాడు కామేశ్వరరావు. నా శక్తి మీట చివరిదాకా తిప్పాడు. నేను హెచ్చరికగా కూత పెట్టాను. బజరు మీద ప్లాస్టరు అంటించాడు.

నా దెబ్బ పడ్డచోట చర్మం కాసేపు తెల్లబడుతుంది. ఆ తెలుపు కింద అక్షరాలు కనబడవు. తర్వాత మళ్లీ తేలతాయి. ఆ కాసేపట్లోనే అతను ఫోటో తీశాడు. అక్షరాలు తేలాయని ఆమె తిరిగొస్తే, పుండు మానకుండానే దాని మీదే నన్ను మళ్లీ నడిపాడు.

సిరా పోయింది. మచ్చ ఉబ్బింది, అక్షరాల వెంటే ఉబ్బింది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా అసిరి అని చదవొచ్చు. మెడికల్‌లో ఆ చేతిని చూసి అన్‌ఫిట్ అన్నారు.

తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. క్లినిక్ ముందు ఫ్లెక్సీ వేలాడుతోంది. దాని మీద తెల్లబడ్డ అసిరి చెయ్యి, కింద 'ఒకే సిట్టింగ్' అని రాత.

"మిషన్‌లో లోపమమ్మా," అన్నాడు కామేశ్వరరావు.

నాలో లోపం లేదు. విశాఖలో ఎందరి చేతులనో మచ్చ లేకుండా ఇంటికి పంపాను. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న ఒక్క కూతనీ ఇతనే మూశాడు.

"ఇంకో సిట్టింగ్ ఫ్రీగా చేస్తాను. అందరి ముందు అరవకు."

"నానెక్కడ అరిసినాను?" అంది అసిరి. బల్ల మీది కత్తెర తీసుకుని బయటికి నడిచింది. కుర్చీ ఎక్కి, ఫ్లెక్సీలో తన చెయ్యి ఉన్నమేరకు కత్తిరించింది. చుట్టి చంకలో పెట్టుకుంది.

"అదేటే, కేసెడతాడే," అంది తల్లి.

"ఎట్టనీ. ఈ సెయ్యి నాది కాదని సెప్పమను."

ఆ మధ్యాహ్నమే కామేశ్వరరావు కొత్త ఫ్లెక్సీకి ఫోన్ చేశాడు. ఈసారి ఎవరి చెయ్యి వేయాలని అవతలి మనిషి అడిగాడు. కామేశ్వరరావు కాస్త ఆగమన్నాడు. నా స్విచ్చు వేసి, బయట కూర్చున్నవాళ్లలో ఒకర్ని లోపలికి పిలిచాడు.