సంజాయిషీ ఎవరిది

నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను, మా ఆయన నా ఫోన్ చూస్తున్నాడు. ఇది మా ఇంట్లో రోజూ జరిగేదే. పెళ్ళైన కొత్తలో ఫోన్‌కి లాక్ పెట్టుకుంటే, "మొగుని దగ్గర దాసుకునేది ఏముంటది చంద్రికా" అన్నాడు. అత్తమ్మ పక్కనుంచి "ఔ మరి" అంది. నేను లాక్ తీసేశాను. పన్నెండేళ్ళయింది. ఆ పొద్దున మాత్రం ఏదో ఫొటో దగ్గర ఆగి, ఎవడు వీడు అని అడిగాడు. డ్యూటీ ఫొటో, ముట్టుకోకండి అన్నాను. అంతకంటే గట్టిగా అనలేదు. స్టేషన్‌లో మగవాళ్ళ మీద గొంతు లేపే కానిస్టేబుల్‌ని, ఇంట్లో నా ఫోన్ నాకివ్వమని అనలేకపోయాను. మూడు రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కల దొంగతనాల్లో రెండు మూడుసార్లు దొరికిన పిల్లలు, పద్దెనిమిది నిండనివాళ్ళు, మా లిస్టులో పదకొండు మంది ఉన్నారు. వారానికోసారి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. బడికో పనికో పోతున్నారో లేదో కనుక్కుని, ఒక ఫొటో తీసి ఇన్‌స్పెక్టర్ సార్‌కి పంపాలి. యూనిఫాంలో మాత్రం వెళ్ళకూడదు. పోలీసులొచ్చారని వాడకట్టులో తెలిస్తే ఆ పిల్లవాణ్ణి ఇంకెవరూ మనిషిగా చూడరు. ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువని ఈ పని నాకు అంటగట్టారు. మగవాళ్ళకు ఓపిక లేకపోవడం ఎంత సుఖమో! చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని, చుట్టపుచూపుకి వచ్చినట్టు వెళ్ళొస్తుంటాను.

ఆ ఫొటోలో పిల్లవాడి పేరు చెప్పను. చెప్పకూడదు. వాళ్ళమ్మను భాగ్య అంటాను, అదీ అసలు పేరు కాదు. వాడికి పదహారేళ్ళు. నాంపల్లి రైల్వేస్టేషన్ దగ్గర సెల్‌ఫోన్లు కొట్టేస్తూ మూడుసార్లు దొరికాడు. మూడుసార్లూ భాగ్యనే పిలిపించాం. లాడ్జిలో గదులు తుడిచే పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి బెంచీ మీద కూర్చునేది. తండ్రి ఉన్నాడు, ఇంట్లోనే ఉన్నాడు, ఆయన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు. కన్నదానివి నువ్వేం చూస్తున్నావని ఆమెను అందరిముందూ గద్దించింది మరెవరో కాదు, నేనే. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఐదు నెలల కింద అబిడ్స్‌లో ఒక బ్యాగుల దుకాణంలో వాడికి పని చూసిపెట్టాను. జిప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. పోయిన వారం నా సంచి పిడి తెగి వేలాడుతుంటే, అడక్కుండానే తీసుకుని కుట్టిచ్చాడు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మా ఆయన ప్రసన్నకుమార్ ఆ ఫొటోని తన ఫోన్‌కి పంపుకుని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. ఫొటో కింద సార్‌కి నేను రాసిన వివరాలు చూసి, సెల్‌ఫోన్ల దొంగ, మన అబిడ్స్‌లోనే తిరుగుతున్నాడు, జాగ్రత్త అని రాశాడు. మా అపార్ట్‌మెంట్ కింద దుకాణాలవాళ్ళు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా బ్యాగుల సేఠ్‌కి చేరింది. సాయంత్రానికి పిల్లవాణ్ణి నలుగురిలో రెండు చెంపదెబ్బలు కొట్టి వెళ్ళగొట్టాడు.

మర్నాడు వెళితే భాగ్య గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పాత దోస్తులు పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చి పిలిచిపోయారట.

"ఎట్లైనా దొంగనే అంటున్రు, గదే చేస్త అంటున్నడు మేడం. గా ఫొటో మీరు దీసిందే గదా. బయట ఎవలు పెట్టిన్రు?"

నాకు తెలుసు. అయినా కనుక్కుంటానని చెప్పి మెట్లు దిగాను. ఆటో ఎక్కాలనిపించలేదు. అబిడ్స్ దాకా నడిచి, దుకాణాల ముందు అటూ ఇటూ తిరిగి, ఆ సేఠ్ దగ్గరికి వెళ్ళబోయి, ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక వెనక్కి తిరిగాను. ఇంట్లో కూడా ఒకచోట కూర్చోలేకపోయాను.

ఆ ఫొటో స్టేషన్ దాకా చేరింది, నన్ను సంజాయిషీ అడిగారు. కేసుల్లో ఉన్న పిల్లల ముఖం బయటపెట్టడం నేరం. మా ఆయనకు అప్పుడు భయం పట్టుకుంది. "నువ్వే పొరపాటున పంపినవని రాయి. నీకైతే ఒక మెమో. నాకైతే నౌకరే పోతది." ఆయన సర్కారు ఆఫీసులో క్లర్కు. నాది కూడా సర్కారు నౌకరేనని ఆయనకు గుర్తులేదు. కట్టుకున్నవాడి పేరు ఠాణాలో రాస్తావా అని అత్తమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఈ ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా, ఆయనకు బస్సు తప్పినా నా పొరపాటే. ఇదొక్కటీ ఒప్పుకుంటే ఏం పోతుందని నాకూ ఒక నిమిషం అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ మెమో వస్తే ఈ డ్యూటీ నుంచి నన్ను తీసేస్తారు. లిస్టు ఇంకెవరి చేతికో పోతుంది. నాంపల్లిలో ఎవరి ఫోన్ పోయినా ముందు ఆ పిల్లవాడి ఇంటి ముందే జీపు ఆగుతుంది.

పొద్దున్నే వంట చేయకుండా స్టేషన్‌కి వచ్చేశాను. ఒక పేజీలో జరిగింది జరిగినట్టు రాశాను. ఫోన్‌కి లాక్ పెట్టుకోకపోవడం నా తప్పని రాశాను, నా ఫోన్‌లోని ఫొటోని గ్రూపులో పెట్టింది ఎవరో పేరుతో సహా రాశాను. సేఠ్‌ని పిలిపించి మాట్లాడమని కూడా అడిగాను. ఇన్‌స్పెక్టర్ విశ్వనాథ్ సార్ చదివి, కాగితం బల్ల మీద పెట్టి నా వైపు జరిపారు.

"ఇంటి సంగతి ఇంట్ల చూసుకోరాదమ్మా. నువ్వే పంపినవని రాస్తే గీడికే అయిపోతది గద."

కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకే జరిపాను.

"పిల్లగాడు తప్పు జేస్తే మూడుసార్లూ వాళ్ళమ్మను పిలిచినం సార్. ఇప్పుడు మా ఆయన తప్పు జేసిండు. ఈసారన్న, జేసినోన్ని పిలువుండ్రి."