నాలుగు మీటర్లు

దేవసహాయం నడుము వంచి, చిల్లుల డబ్బాను సన్నగా ఆడిస్తూ మైదానం వంపులో ఆఖరి గీత గీస్తున్నాడు. పొడిసున్నం దారం వెంబడే పడుతోంది, వేలెడు అటూ ఇటూ పోవడం లేదు. రాజోలు దగ్గరి ఆ హైస్కూల్లో ఇరవయ్యేడేళ్ళుగా అతని ఉద్యోగం ఇదే. పొద్దున్నే గంట కొట్టడం, మైదానం ఊడవడం, ఆటలుంటే గీతలు గీయడం. పొట్టివాడు, చామనఛాయ, సున్నం కొరికేసి వేళ్ళ కొసలు బీటలు వారాయి. జీవితంలో ఏం సాధించావయ్యా అంటే అతను చెప్పుకోగలిగింది పెద్దగా ఏమీ లేదు. కాని పందెం దగ్గర తగువొస్తే చుట్టుపక్కల డ్రిల్లు మాస్టర్లందరూ, "దేవసహాయం గీశాడా? అయితే ఇంక మాట్లాడకండి" అనేవారు.

ఎనభై ఒకటి డిసెంబరులో ఆ రోజు గీతలు పిల్లల కోసం కాదు, సినిమా కోసం. పరుగుపందాల ఆడపిల్లల కథట. మద్రాసు నుంచి కెమెరాలూ, తళతళలాడే రేకులూ, ఒక నటీమణీ దిగారు. రెండు వందల మీటర్ల పందెంలో ఆవిడ గెలవాలి. ఆవిడ వెనకాల రెండోదిగా రావడానికి ఈ బడిలో చదివే సలోమిని పెట్టుకున్నారు. పదహారేళ్ళ పిల్ల. చెప్పుల్లేని కాళ్ళతో పరుగెత్తి తాలూకా అంతా గెలిచింది. మర్నాడే కాకినాడలో జిల్లా పోటీలు. అక్కడ మొదట వస్తే హైదరాబాదు క్రీడల హాస్టల్లో సీటు. రేపు అంత పని పెట్టుకుని ఇవాళ ఈ వేషాలేమిటని దేవసహాయానికి ఒళ్ళు మంటగా ఉంది. హెడ్మాస్టరుగారికి సినిమా పిచ్చి. ఆయన ఊ అన్నాక అటెండరు ఊహూ అంటాడా!

చిక్కంతా సలోమికి ఓడిపోవడం చేతకాకపోవడంలో వచ్చింది.

మొదటి టేకులో గెలిచింది. రెండోదాంట్లోనూ గెలిచింది. నటి పాపం మూడు నెలలు నేర్చుకుని మరీ వచ్చింది, బాగానే పరుగెత్తుతోంది. సలోమి ముందు ఆ బాగు చాలలేదు. దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"అమ్మాయీ, ఆఖరి పది అడుగుల్లో కాస్త తగ్గమ్మా! ఫిల్మేమైనా చెట్లకి కాస్తోందా?"

"ఆయ్, తగ్గుతానండి," అంది సలోమి.

మూడోసారి తగ్గింది. నటి ఎంత దూరంలో ఉందోనని మెడ తిప్పి చూసింది. ఆ చూడడంలో కాలు తడబడి మోకాలి మీద పడింది. తను లేచి నవ్వింది గాని దేవసహాయం చూసింది ఆ తిరిగిన మెడనే. పరుగెత్తే పిల్లకి పక్కచూపు అలవాటైతే మాన్పించడం ఎవడి తరమూ కాదు. రేపు కాకినాడలో ఆఖరి పది అడుగుల్లో ఈ మెడ మళ్ళీ తిరిగితే?

"ఎండ పోతోంది, ఇదే ఆఖరి టేకు. తాతా, గీతలు చెదిరాయి, మళ్ళీ వెయ్యి," అని కేకేశాడు సహాయ దర్శకుడు రాజబాబు.

ఆ పందెం వంపులో మొదలవుతుంది గనక అందరూ ఒకే గీత మీద నిలబడరు. బయటి వరసల వాళ్ళు ముందూ, లోపలి వరసల వాళ్ళు వెనకా, మెట్లు మెట్లుగా నిలబడతారు. ఎవరి గీత ఎక్కడుండాలో గీసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. దేవసహాయం చుట్టూ చూశాడు. సలోమి కాలివేళ్ళు ఆనించడానికి తవ్వుకున్న గుంటలు పూడ్చేశాడు. ఆమె గీతను నాలుగు మీటర్లు వెనక్కి జరిపాడు. నటి గీతను నాలుగు మీటర్లు ముందుకు జరిపాడు. ఇరవయ్యేడేళ్ళలో అదే మొదటి దొంగగీత.

"నువ్వు తగ్గొద్దమ్మా," అన్నాడు సలోమి దగ్గరికెళ్ళి. "రేపెలా పరిగెడతావో అలాగే పరిగెట్టు. పక్కకి చూడకు."

"మరి ఓడిపోవాలి కదండీ తాతయ్యగారూ?"

"అది ఆళ్ళు చూసుకుంటార్లే."

సలోమి ప్రాణం పెట్టి పరుగెత్తింది. ఒక్క అడుగు తేడాతో ఓడిపోయింది. దర్శకుడు చిన్నపిల్లాడిలా గెంతాడు. జనం నటి మీద ఎగబడి మైదానమంతా తొక్కేశారు. కాసేపటికి లారీలు ఎక్కి సినిమావాళ్ళు వెళ్ళిపోయారు.

దేవసహాయం గంట గది తాళం వేసి వచ్చేసరికి సలోమి వాలీబాల్ గుంజకి ఆనుకుని కూర్చుని ఉంది.

"నేను తగ్గలేదండి," అంది. "మీరు చెప్పినట్టే పరిగెట్టేనండి. అయినా సినిమా ఆవిడ ఓడించేసింది. ఇంక కాకినాడ ఎందుకండి, నవ్వులపాలవ్వడానికా? నేను ఎల్లను."

"నువ్వు ఓడిపోలేదమ్మా. నేనే గీత తప్పు గీసేను."

ఏడుస్తున్న పిల్ల కాస్తా నవ్వింది. "మీరా? నా మనసు కుదుటపడాలని అంటున్నారు. మీరు తప్పు గీత్తారాండీ?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నమ్మేవాళ్ళుంటే గదా చెప్పడానికి! దేవసహాయం ఆమెను వంపు దగ్గరికి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గీరాడు. తుప్పు పట్టిన మేకు తల ఒకటి బయటపడింది.

"ఇదీ నీ అసలు చోటు. చేరిన ఏడాది నేనే దిగ్గొట్టేను. ఏ పందానికైనా ఈ మేకుల మీదే గీత. ఇయ్యాల నువ్వు ఎక్కణ్ణుంచి లేచేవో చూడు."

ఆఖరి టేకుకి ఆమె వేళ్ళతో మళ్ళీ తవ్వుకున్న గుంటలు నాలుగు మీటర్లు వెనక, చెదిరిన సున్నంలో ఉన్నాయి. సలోమి మేకునీ గుంటల్నీ మార్చి మార్చి చూసింది. నమ్మింది. బరువు దిగిందనుకున్నాడు దేవసహాయం.

"అయితే నేను ఇంతకుముందు గెలిచినయ్యో?" అంది సలోమి మెల్లిగా. "అయ్యి కూడా మీ గీతల మీదే కదండీ."

"అయ్యన్నీ నిజవేనమ్మా. ప్రభువు తోడు."

తన మాట తనకే అబద్ధంలా వినబడింది. సలోమి వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. ఇరవయ్యేడేళ్ళు కూడబెట్టుకున్న ఒక్క మాటా ఆ పిల్ల ముందే పోగొట్టుకున్నాడు.

పొద్దున అతను వచ్చేసరికి కాకినాడ బస్సు వెళ్ళిపోయింది. గేటు ఎదుట ఇడ్లీలమ్మే సూరమ్మే పిలిచి చెప్పింది.

"మీ సలోమి మొదటి బస్సెక్కేసిందయ్యా. తెల్లారకుండానే ఆళ్ళమ్మా అదీ వచ్చి, మైదానంలో ఏదో కొలుసుకున్నారు."

దేవసహాయం వంపు దగ్గరికి నడిచాడు. మేకు మీద మట్టి మళ్ళీ తీసి ఉంది. దానికి కట్టి ఉంది ఒక పీచుతాడు, సలోమి తల్లి పేని అమ్ముకునే కొబ్బరితాడు, పది మీటర్లకో ముడితో. ముళ్ళు లెక్కపెట్టుకుంటూ వంపు దాటి దాని వెంటే నడిచాడు. మంచుకి తడిసిన ఇరవయ్యో ముడి, రెండు వందల మీటర్ల ముడి, ముగింపు గీత దగ్గర మట్టి గీరి బయటపెట్టిన మేకు తల మీద సరిగ్గా కూర్చుని ఉంది.