హోల్ట్ ఊళ్ళో మా తమ్ముడి ఓట్లు

మా విస్కాన్సిన్‌లో సుప్రీంకోర్టు జడ్జిని జనమే ఎన్నుకుంటారు. మా ముత్తాత నార్వే నుంచి వచ్చి ఇక్కడ మొదటి ఆవుని కట్టేసిన రోజుల నుంచీ ఇదే పద్ధతి. ఎన్నిక పెట్టేది ఏప్రిల్ మొదట్లో. అప్పటికి మంచు కరిగి దారులన్నీ బురద. ఆ బురదలో పడి ఓటు వెయ్యడానికి వచ్చేది వేరే పని లేనివాళ్ళూ, ఎవరి మీదో కోపంగా ఉన్నవాళ్ళూ. అందుకని ఎవరికీ కోపం తెప్పించని మొద్దురాచిప్పలు నిక్షేపంగా గెలుస్తూ ఉంటారు. కుర్చీలో ఉన్నవాణ్ణి దింపడం మాత్రం అరుదు. కొన్నేళ్ళ కిందట ఒక ప్రధాన న్యాయమూర్తిని దింపారు. మా బేస్‌బాల్ జట్టు వేరే రాష్ట్రానికి పోతుంటే, చట్టప్రకారం ఆపలేమని ఆయన తీర్పిచ్చాడు. చట్టం ఎవడిక్కావాలి? జట్టు పోయింది, ఆయన్నీ పొమ్మన్నారు.

ఇదంతా తెలిసే మా తమ్ముడు నెల్స్ బ్రెకే అందులో తలదూర్చాడు. జిల్లా జడ్జిగా హాయిగా ఉన్నవాణ్ణి, సుప్రీంకోర్టులో ఒక జడ్జి పోతే గవర్నరు తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏప్రిల్లో జనం ఓట్లతో అది నిలబెట్టుకోవాలి. వాడు రాజధానిలో ఉంటాడు, ఓటూ అక్కడే. పెళ్ళీ పెటాకులూ లేవు. చూపు ఆనదు కాబట్టి కారు నడపలేడు. శుక్రవారం వచ్చేసరికి బస్సులో మా హోల్ట్‌లో దిగేవాడు. ముప్పై రెండు ఆవుల పాలు పితికి, చేతులు కడుక్కుని, వాడి అక్క గుడ్రున్, అంటే నేను, స్టీరింగ్ పట్టుకునేదాన్ని.

జడ్జి ఎన్నికంత దిక్కుమాలిన ఎన్నిక ఇంకోటి లేదు. కోర్టుకి రాగల ఏ సంగతి మీదా నోరు విప్పకూడదట. ఇంక ప్రచారం దేనికి? బార్లలో శుక్రవారం చేపల వేపుడు పెడతారు కదా, అక్కడ బల్లబల్లకీ వెళ్ళి చేతులు కలిపి రావడమే.

మా ఊరి గుమాస్తా సెల్మర్ ఆనే ఊరుకునే రకం కాదు. ఓట్లు లెక్కబెట్టేదీ ఆయనే.

"జడ్జి గారూ, మన చీజ్ ఫ్యాక్టరీ కేసు మీ దగ్గరే ఉందటగా. ఏమంటారు?"

"కేసు నడుస్తోంది సెల్మర్ గారూ. చెప్పకూడదు."

"పోనీ చేప ఎలా ఉంది? అదీ కోర్టుకొస్తుందా?"

"ఉప్పు తగ్గింది."

"హమ్మయ్య, ఒక తీర్పు రాబట్టాం!" అన్నాడు సెల్మర్. బారంతా గొల్లుమంది.

ఆ ఫ్యాక్టరీ, చీజ్ తీశాక మిగిలే విరుగుడు నీళ్ళన్నీ వాగులోకి వదులుతుంది. దిగువన ట్రౌట్ చేపలు చస్తున్నాయని అక్కడివాళ్ళు కేసు వేశారు. ఫ్యాక్టరీ ఓడితే ఆ నీళ్ళకి పెద్ద తొట్టి కట్టుకోవాలి. కట్టే స్తోమత లేదు, మూసేస్తారు. హోల్ట్ పాలన్నీ వెళ్ళేది దానికే. నా పాలూ దానికే.

ఎన్నికకి రెండు వారాల ముందు కార్లో వాణ్ణి నిలదీశాను.

"ఫ్యాక్టరీ కేసులో తీర్పు రాసిందెవర్రా?"

"నేనే. మిగతా జడ్జీలు ఎన్నికయ్యాక బయటపెడదామంటున్నారు. నేనొద్దన్నాను."

అంతటితో తీర్పు ఎటో నాకు అర్థమైపోయింది. "నీకేమన్నా పిచ్చా? రెండు వారాలు ఆపితే ఏం మునిగిపోతుంది? చచ్చిన చేపలు మళ్ళీ చస్తాయా?"

"రాయడం అయిపోయాక దాచిపెడితే ఓట్ల కోసం దాచినట్టే కదక్కా."

"ఓట్ల కోసమేరా వెధవా! మరి ఈ బురదలో మనం దేనికి తిరుగుతున్నట్టు?"

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడూ అంతే, తన్నులు తినే ముందు ఇలాగే కూర్చునేవాడు.

ఎన్నికకి ముందు శుక్రవారం పొద్దున తీర్పు వచ్చింది. ఏడాది దాటాక వాగులోకి చుక్క వదలకూడదు. ఆ సాయంత్రం బార్లో మా బల్ల దగ్గర ఒక్కడు కూర్చోలేదు. పాస్టరు కూడా టోపీ కొంచెం ఎత్తి పక్కనుంచి జారుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి బల్ల మీద గుద్దాను.

"ఏం మనుషులయ్యా మీరు? మీ గట్టు తగాదాలన్నీ తీర్చింది వీడు కాదూ? మీరెవరూ వెయ్యకపోతే పోండి, మంగళవారం నేను మాత్రం నా తమ్ముడికే వేస్తాను!"

నిజంగా అనుకునే అన్నాను. కానీ సోమవారం పాల లారీ అతను వచ్చి, ఫ్యాక్టరీ మూస్తే ఇంత లోపలికి ఇంకే లారీ రాదమ్మా, ఆవుల్ని అమ్ముకోవాల్సిందే అన్నాడు. మంగళవారం తెర లాక్కుని ఓటు కాగితం చూశాను. పైన వాడి పేరు, కింద వాడి మీద పోటీకి నిలబడ్డ మిల్వాకీ లాయరు ప్రిబిల్ పేరు. నా కష్టం కన్నా వాడికి చేపలెక్కువయ్యాయని కోపం ముంచుకొచ్చింది. పాస్టరు వేస్తాడు, మా దాయాది ఓలా వేస్తాడు, బడి పంతులమ్మ వేస్తుంది, నాదొక్కటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ప్రిబిల్ పక్కన గీత పెట్టి మడిచి పెట్టెలో వేశాను.

బుధవారం పొద్దున పాలు పితుకుతుంటే రేడియో చెప్పింది. రాష్ట్రం మొత్తం మీద ప్రిబిల్ గెలిచాడు. తర్వాత ఊళ్ళ వారీగా చదివారు. హోల్ట్‌లో ప్రిబిల్‌కి నూట ముప్పై ఎనిమిది. బ్రెకేకి సున్నా.

తల కొట్టేసినట్టయింది. తొమ్మిది కాకుండానే పాస్టరు వచ్చాడు, నేల చూపులు చూస్తూ. "నువ్వెలాగూ వేస్తావు కదా, ఒకటైనా పడుతుంది కదా అనుకున్నానమ్మా." ఓలా వచ్చాడు, అదే మాట. పంతులమ్మ ఫోన్ చేసింది, అదే మాట. ఆఖరికి సెల్మర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మూడుసార్లు లెక్కబెట్టాను గుడ్రున్. నీ ఓటు కోసం" అన్నాడు. వెటకారం ఆడినా బాగుండేది, ఆడలేదు.

మధ్యాహ్నం బస్సులో నెల్స్ దిగాడు. వంటింట్లో కూర్చుని కాఫీ సగం తాగి, కోటు జేబులోంచి కాగితం, పెన్నూ తీశాడు.

"ఎలాగూ ఓడాను, అది మారదు. కానీ మన ఊరి లెక్క తప్పక్కా. నీ ఓటైనా ఉండాలి కదా. మళ్ళీ లెక్కించమని అడిగే హక్కు నాకుంది. పాపం సెల్మర్‌కి వయసైపోయింది, ఎక్కడో పొరబడి ఉంటాడు. నువ్వు ఊఁ అను, ఇప్పుడే అర్జీ రాస్తాను."

వాడి మొహంలో ఎకసెక్కం కోసం వెతికాను. లేదు. నిజంగానే నమ్ముతున్నాడు.

"వద్దురా" అన్నాను.

"ఎందుకొద్దు?"

వాడి కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను. వాడు కప్పు ముట్టకుండా నా వైపే చూశాడు. తర్వాత పెన్నుకి మూత పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆవుల్ని ఎవరికి అమ్ముతావక్కా? మంచి ధర వచ్చేట్టు కాగితాలు నేను రాసిపెడతాను" అన్నాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. నాకు వచ్చిన విద్య అదొక్కటే. పొయ్యి వైపు తిరిగి, వాడికి కనపడకుండా ఏడ్చాను.